సమోసా తిన్నవాళ్ళు, తిననివాళ్ళు

జర్మనీకి వచ్చిన కొత్తలో నా దగ్గరున్న ఆస్తులు రెండే: చేతిలో వంట, నోట్లో వెటకారం. మొదటిదాని వల్ల వీసా వచ్చింది. రెండోదాని వల్ల ఎప్పుడు ఏం పోతుందో తెలియని వయసు అది. తొమ్మిదో తరగతితో బడికి దణ్ణం పెట్టేశాను (బడి కూడా ఉండమని బతిమాలలేదు). వాల్డార్ఫ్ అనే ఊరి దగ్గర ఒక ఇండియన్ రెస్టారెంట్లో పొద్దంతా పొయ్యి ముందు నిలబడి, ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లతో కలిసి ఒకే ఇంట్లో ఉండేవాణ్ణి. ఒకాయన వరంగల్ అన్న. తక్కువ మాట్లాడతాడు, లావుపాటి పుస్తకాలు చదువుతాడు, టీ కూడా ఆలోచిస్తూ తాగుతాడు. రెండో ఆయన భీమవరం బావ. వరసకి మాలో ఎవరికీ బావ కాడు. తనే అందర్నీ బావా అంటాడు కాబట్టి అందరికీ బావ అయ్యాడు. నన్ను మాత్రం వంటవాణ్ణని ఇద్దరూ మాస్టర్ అనేవాళ్ళు. ఇంటి కాంట్రాక్టు బావ పేరు మీద ఉండేది. ఇక్కడ ఇల్లు దొరకడమంటే పెళ్ళి సంబంధం కుదరడం కన్నా కష్టం. ఓనరుకి ముందు జీతం చీటీలు చూపించాలి, తర్వాతే మొహం. నా చీటీ చూస్తే ఏ ఓనరూ మెట్ల కింద కూడా చోటివ్వడు. కాబట్టి బావ ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళే నాకు ఈ దేశంలో ఒక అడ్రసు.

అలా ఉండగా మన తెలుగువాళ్ళు పక్క ఊళ్ళో చిన్న హాలు మాట్లాడి, ఒక ఆదివారం మధ్యాహ్నం ఓ తెలుగు సినిమా వేశారు. అప్పటికే అక్కడ ఇండియాలో దాని గురించి జనం జుట్లు పట్టుకుంటున్నారు. ఒకాయన తన కూలిపోయిన ఇంటి తలుపుని వీపు మీద మోసుకుంటూ, దానికి సరిపోయే ఇల్లు వెతుక్కుంటూ మూడు గంటలసేపు నడుస్తాడట. పాటల్లేవు, ఫైట్లు లేవు, మాటలు కూడా ఊరికొకటి. అన్న పది రోజుల ముందు నుంచే ఉపవాసానికి సిద్ధమైనట్టు సిద్ధమయ్యాడు. "గిసుంటి సినిమా ముందట కూసొని చూడాలె" అని మొదటి వరసలో ఒక్కడే మెడ వెనక్కి వాల్చి కూర్చున్నాడు. బావ వెనక, గుమ్మం పక్కన సీటు చూసుకున్నాడు. నేను బయట వరండాలో సమోసాలూ అల్లం టీ పెట్టుకున్నాను.

నాకు తెలిసిన ప్రపంచంలో సినిమాకి ఇంటర్వెల్ అనేది పొద్దు పొడవడమంత ఖాయం. తలుపు సందులోంచి చూస్తూ ఉన్నాను. తెర మీద "విశ్రాంతి" అని పడింది. పడగానే వెనక తలుపులు బార్లా తెరిచి, హోటలు గొంతుతో "ఇంటర్వెల్! వేడి వేడి సమోసా!" అని అరిచాను. సగం హాలు లేచి వచ్చింది. తలుపు మూసుకుంది. (ఇక్కడి తలుపులు మూస్తే లోపలి ఉరుము కూడా బయటికి రాదు.) బావ నాలుగు సమోసాలు తిని రెండో టీలో ఉండగా, టికెట్లిచ్చే జర్మన్ ఆవిడ వచ్చి నన్నేదో అడిగింది. నాకొచ్చిన జర్మన్ అంతంతమాత్రమే అయినా ఆ ముక్క మాత్రం స్పష్టంగా అర్థమైంది. సినిమా ఆడుతూనే ఉందట, వీళ్ళంతా ఎందుకు బయటికొచ్చారట. ఇక్కడ మధ్యలో సినిమా ఆపరట. "విశ్రాంతి" అక్షరాలు మూడు సెకన్లు నిలబడి వెళ్ళిపోయాయి, కథ వాటి వెనకాలే వెళ్ళిపోయింది. గడియారం చూసుకుంటే అప్పటికే ఇరవై నిమిషాలు పోయాయి. మొహం మామూలుగా పెట్టి "బెల్లు కొట్టారు, పదండి పదండి" అన్నాను. ఏ బెల్లూ కొట్టలేదు.

సినిమా అయ్యాక పార్కింగులో రెండు పార్టీలు తయారయ్యాయి.

"తలుపేమైంది బావా?" అన్నాడు బావ, అన్నకి అడ్డం నిలబడి. "సగం సినిమా మోశాడు కదా! ఇంటర్వెల్ అయ్యాక చూస్తే చేతులూపుకుంటా నడుస్తన్నాడేంటి?"

"తలుపు ఏడ పోయిందని అడుగుతున్నవంటేనే నీకు సినిమా ఎక్కలేదన్నట్టు."

"ఎక్కలేదనే కదయ్యా చెప్తన్నాను! ఏమైందో చెప్పు."

"కండ్లతోటి చూసుడు వేరు, మనసుతోటి చూసుడు వేరు."

"అంటే నాకు మనసు లేదా?"

ఆ చలిలో గంటసేపు అదే ముచ్చట. కళాభిమానులతో ఇదే చిక్కు, కథ తప్ప అన్నీ చెబుతారు. వారమంతా మా తెలుగు గ్రూపులో అదే యుద్ధం. సగం మంది కళాఖండమన్నారు, సగం మంది చెత్త అన్నారు. వంటవాడికి ఎవరు ఏం తిన్నారో గుర్తుంటుంది. పేరు పేరునా చూసుకుంటే, సమోసా తిన్నవాళ్ళంతా చెత్త అన్నవాళ్ళే. ఈ సంగతి భూమ్మీద తెలిసింది నాకొక్కడికే. మరి ఎందుకు చెప్పలేదంటారా? ఊళ్ళో ప్రతివాణ్ణీ ఆట పట్టించి బతికేవాణ్ణి నేను. నా మీద ఒక్కసారి నవ్వితే ఇక నాకు బతుకే లేదనుకునేవాణ్ణి. అందుకే అన్న దగ్గర "అద్భుతం అన్నా" అనీ, బావ దగ్గర "పరమ చెత్త బావా" అనీ చెప్పుకుంటూ తిరిగాను. (సినిమాలో ఒక్క సీను కూడా చూడకుండానే.)

ఇంట్లో గొడవ ముదిరింది. ఓ సాయంత్రం అన్న నోరు జారాడు. "ఇంత సదువుకొని గింత చిన్న సంగతి సమజ్ గాకుంటే ఏం జెయ్యాలె?" అన్నాడు. బావ తినే కంచం ముందు నుంచి లేచాడు. "ఆఫీసులో జర్మనోళ్ళు నన్ను అర్థం కానోడిలాగే చూస్తారు. ఇంట్లో కూడా అదేనాండీ?" అన్నాడు. ఆ "అండీ" విని నాకు భయమేసింది. అప్పట్నించి వాళ్ళిద్దరి మధ్యా "గారు"లూ "మీరు"లూ మొదలయ్యాయి. ఉప్పు డబ్బా కూడా నా ద్వారానే చేతులు మారేది.

శనివారం పొద్దున నేను దోసెలు వేస్తుంటే బావ ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మాస్టరూ, పనికెళ్ళే దార్లో పోస్టు చేసెయ్."

"ఏంటిది బావా?"

"క్యుండిగుంగ్. ఇల్లు ఖాళీ చేస్తన్నానని ఓనరుకి రాశాను. జిండెల్ఫింగెన్‌లో పని చూసుకున్నా."

"మరి మేం?"

"అన్నగారికి మనసుంది కదా. అందులో ఉండండి."

సింకు దగ్గర కప్పు కడుగుతున్న అన్న వెనక్కి తిరగలేదు. కప్పు కడగడం మాత్రం ఆగిపోయింది, నీళ్ళు పోతూనే ఉన్నాయి. కవరు చూశాను. అంత తేలిక కాగితంలో మా ముగ్గురి ఇల్లు ఉంది. పెనం మీద దోసె మాడింది, నేను తియ్యలేదు.

"బావా, నువ్వు చూసింది మొత్తం సినిమా కాదు" అన్నాను. "అందులో ఇరవై నిమిషాలు నా సమోసాలు తినేశాయి." ఇంటర్వెల్ లేదనీ, బెల్లు అబద్ధమనీ, అంతా కక్కేశాను.

అన్న కొళాయి కట్టేసి మెల్లగా బావ వైపు తిరిగాడు. "అంటే నువ్వు నిజంగనే తెల్వక అడిగినవా?"

"తెలిస్తే ఆ చలిలో గంటసేపు ఎందుకడుగుతాను బావా!"

అన్న చేతులు తుడుచుకున్నాడు. బావని కుర్చీలో కూర్చోబెట్టాడు. గోడకి ఆనించి ఉన్న ఇస్త్రీ బల్లని వీపుకెత్తుకున్నాడు. రోజుకి పది మాటలు కూడా మాట్లాడని మనిషి, మా వంటింట్లో ఆ ఇరవై నిమిషాల సినిమా మొత్తం ఆడాడు. వరదొచ్చిన ఏరు. పడవ లేదు. గట్టు మీద నొప్పులు పడుతున్న ఒక ఆడమనిషి. తలుపు మోసే ఆయన దాన్ని దించి పరుస్తాడు. ఆమె దాని మీదే కంటుంది. తల్లినీ బిడ్డనీ అదే తలుపు మీద పడుకోబెట్టి, ఈదుకుంటూ ఏరు దాటిస్తాడు. వాళ్ళు ఒడ్డెక్కాక తలుపు ప్రవాహంలో కొట్టుకుపోతుంది. "గప్పుడు ఉత్త చేతులు చూసుకుంటడు రా..." అంటూ అన్న ఇస్త్రీ బల్ల నేల మీద పెట్టాడు.

బావ నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీశాడు. "ఈ ముక్క ఆ రోజే చెప్పొచ్చు కదా బావా."

"నువ్వు చూసినవనుకున్న."

"అయినా మొదటి గంట సాగదీశాడు."

అన్న గొంతు సవరించుకున్నాడు. "ఆ గంట... నేన్గూడ జర కునుకు తీసిన."

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. "మాస్టరూ, నాతో చెత్తన్నావ్?" "నాతోని అద్భుతమన్నవ్?" నేనసలు లోపలికే వెళ్ళలేదని ఒప్పుకున్నాక వాళ్ళు నవ్విన నవ్వుకి కింద ఇంటి జర్మన్ ముసలాయన పైకొచ్చి తలుపు కొట్టాడు. ఆ కవరు బావ తిరిగి అడగలేదు, నేనూ ఇవ్వలేదు. పెళ్ళయ్యేదాకా బావ ఆ ఇంట్లోనే ఉన్నాడు. వెళ్ళేటప్పుడు కాంట్రాక్టు అన్న పేరుకి మార్పించి మరీ వెళ్ళాడు.

ఇప్పుడా సినిమా ఫోన్లోనే దొరుకుతోంది. మొన్న ఒకసారి పెట్టుకుని "విశ్రాంతి" పడే దాకా చూసి కట్టేశాను. అక్కణ్ణించి ఎంత గొప్ప నటుడైనా, ఇస్త్రీ బల్ల మోసిన మా అన్నంత బాగా చేసి ఉండడు. తర్వాత చాలాసేపు, మాడిన దోసె ముందు కవరు పట్టుకుని నిలబడ్డ అప్పటి ఆ కుర్రాడే గుర్తొచ్చాడు. అందరూ తన మీద నవ్వుతారేమోనని వారం రోజులు నిద్ర మానుకున్నవాడు. వాడి భుజం మీద చెయ్యేసి చెప్పాలనిపించింది: నవ్వుతారురా, అంతే. నవ్వి, ఇంట్లోనే ఉంటారు.