ఏడుపుకు పేరు పెట్టుకున్నాను

మా హన్మకొండలో పాట కావాలంటే నా దగ్గరికే వస్తారు. బడి వార్షికోత్సవానికి, బతుకమ్మకి, క్రిస్మస్‌కి, కొత్తగా తెరిచిన బట్టల షాపుకి. ఎన్నికలొస్తే అన్ని పార్టీలకూ నేనే. ఒకసారి పొద్దున ఒకాయనను పులి అని రాసి, సాయంత్రం ఆయన మీద పోటీ చేసేవాణ్ణి సింహం అని రాశాను. ఇద్దరూ ఓడిపోయారు, అందులో నా తప్పేమీ లేదు. పాటలు బాగున్నాయని ఇద్దరూ ఒప్పుకున్నారు.

అలాంటి నాకు పాటల రచయితల సంఘంలో చేరాలన్న ఆలోచన ఎన్నడూ రాలేదు. నా సంగతి ఊరందరికీ తెలిసినప్పుడు సంఘం సంతకం ఎందుకనుకున్నాను. చివరికి ఒకే ఒక్క పాట కోసం చేరాల్సి వచ్చింది.

అది మా బాపు చనిపోయినప్పుడు కట్టిన పాట. బాపు ఎనుమాముల మార్కెట్లో హమాలీ. మిర్చి సీజన్లో బస్తాలు మోసి ఇంటికొస్తే ఒళ్లంతా ఘాటే. చిన్నప్పుడు నేను ఉరికెళ్లి కాళ్లకు చుట్టుకోబోతే రెండు చేతులూ పైకెత్తి, "జర ఆగు బిడ్డా, మంట పుడ్తది. తానం జేసొచ్చి ఎత్తుకుంట" అనేవాడు. సబ్బు మీద సబ్బు రుద్దుకొని ఆయన వచ్చేసరికి నాకు నిద్ర పట్టేసేది. పొద్దున లేచి చూస్తే మళ్లీ మార్కెట్‌కు వెళ్లిపోయి ఉండేవాడు.

ఆయన పోయిన రోజు స్నానం చేయించి, తెల్ల చొక్కా తొడిగి, పెట్టెలో పడుకోబెట్టారు. చర్చివాళ్లు కీర్తన ఎత్తుకోబోతుంటే నా నోట్లోంచి ఇది వచ్చింది:

తానమైతే అయ్యింది బాపూ, ఇప్పుడన్న ఎత్తుకోవా
సబ్బు వాసనొస్తానవు బాపూ, ఇప్పుడన్న ఎత్తుకోవా

చరణాలు తర్వాత కట్టాను. మా చర్చివాళ్లు ఇంకొక చావు దగ్గర పాడారు. అక్కడ విన్నవాళ్లు ఇంకో ఊళ్లో పాడారు. కొన్నేళ్లకు హిందువుల ఇళ్లల్లోనూ పాడుతున్నారు, ఏటూరునాగారం దాకా పోయిందన్నారు. నాకు గర్వంగానే ఉండేది. అమ్మ మాత్రం ఎక్కడ ఆ పాట మొదలైనా చెంగు దులుపుకొని లేచి బయటికి వెళ్లిపోయేది. తట్టుకోలేకపోతోంది పాపం అనుకునేదాన్ని.

పోయినేడు ఒక కుర్ర గాయకుడు దాన్ని డప్పుతో పాడి వీడియో పెట్టాడు. లక్షణంగా పాడాడు. కింద మాత్రం "జానపదం, సేకరణ" అని తన పేరు వేసుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్ చేసి దులిపేశాను.

"అక్కా, కేసముద్రంల ఒక సావుకాడ ఇన్న. అందరు పాడుతాంటే పాతకాలం పాట అనుకున్న. నీదంటే నేను నమ్ముత గని, రేపు ఇంకొకలొచ్చి మాదంటే ఏం జెయ్యాలె? నువ్వు సంఘంల చేరి రాయించుకో. పేరు నేనే మారుస్త" అన్నాడు.

వాడన్నదీ న్యాయమే. సంఘానికి వెళ్తున్నానని చెబితే అమ్మ మూతి తిప్పింది.

"ఏడ్సిన ఏడ్పుకు గూడ పేరు వెట్టుకుంటరానే?"

"వేరేవాడు పెట్టుకున్నడమ్మా. నేను పెట్టుకుంటే తప్పొచ్చిందా?" అని బస్సెక్కాను.

హైదరాబాదులో సంఘం పెద్దాయన నా పాటలన్నీ వరసగా విన్నాడు. తల ఊపాడు, ఒకటి రెండు చోట్ల నవ్వాడు. ఈ పాట దగ్గరికొచ్చేసరికి ఆగాడు.

"మిగతావన్నీ మీవే, సందేహం లేదు. వాటితోనే సభ్యత్వం ఇచ్చేస్తాం. ఇదొక్కటి వదిలేయండమ్మా. ఇది జనం పాట. ఇలాంటివి ఒక్కరు కూర్చొని రాసేవి కావు."

నా జన్మలో నాకు దక్కిన పెద్ద పొగడ్త అదే. దాంతోనే నా పాటను నా చేతిలోంచి లాక్కుంటున్నాడు.

"ఇది వదిలేస్తే వచ్చే సభ్యత్వం నాకొద్దు సార్" అన్నాను. "ఒక్కమాట చెప్పండి. పాటలో ఉన్నది ఏ స్నానం?"

"ఇంకేముందమ్మా, ఆఖరి స్నానం."

"అది రెండోది. మొదటిది నేను చెప్తా."

మిర్చి ఘాటు సంగతి, పైకెత్తిన చేతుల సంగతి, సబ్బు సంగతి, నా నిద్ర సంగతి చెప్పాను. పెద్దాయన నా చేతే ఆ గాయకుడికి ఫోన్ చేయించి, అదే ప్రశ్న వేశాడు.

"సావు తానం గద సార్" అన్నాడు వాడు.

"మిర్చి తానం తమ్మీ" అని మళ్లీ మొదటి నుంచీ చెప్పాను.

"ఇన్నొద్దులు తెల్వకనే పాడిన అక్కా. ఇయ్యాల్నే మారుస్త" అన్నాడు వాడు. పెద్దాయన పక్కనున్నాయనతో "ఈ పాట కూడా కలిపి రాయండి" అన్నాడు.

మరునాడు అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని వీడియో చూపించాను. అమ్మకు చదువు రాదు. "రచన" అని ఉన్నచోట వేలు పెట్టి నా పేరు గట్టిగా చదివి వినిపించాను.

"గిప్పుడు గా పాట నీదేనా? ఎవ్వలు కాదనరా?"

"ఎవ్వలు కాదనరు."

"అయితే ఒక మాట జెప్త ఇను. గా పాటల అబద్ధమున్నది."

నా పాటలో తప్పు పట్టినవాళ్లను నేను ఊరికే వదలను. అమ్మ చెప్పింది మాత్రం నోరు మూసుకొని విన్నాను.

"మీ బాపు రోజు ఎత్తుకునేటోడు. తానం జేసి, నిద్రల ఉన్న నిన్ను అట్లనే ఎత్తుకొని ఒళ్లె ఏసుకొని, ఒక్కచేత్తోని బువ్వ తినేటోడు. పండవెట్టయ్యా అంటే ఇనేటోడు గాదు. నువ్వేమో ఎత్తుకోలే, ఎత్తుకోలే అని ఊరూరు పాడిపిస్తివి."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివేందమ్మా?"

"సావుకాడ ఏడ్సేటోళ్లను ఆపి, తప్పు పాడుతాండ్రు అని చెప్పాల్నా? ఎవ్వలదో పాట లెక్క పోతాంటే లేసి ఇవుతలికొచ్చిన. ఇప్పుడు నీ పేరు వడ్డది. నీ పేరు మీద మీ బాపును బద్నాం జేస్తే నేనూకోను."

ఆ పూట వంట చేయలేదు, ఫోన్ ఎత్తలేదు. కుళ్లికుళ్లి ఏడ్చాను. ఆయన్ను పాతిపెట్టిన రోజు కూడా అంత ఏడవలేదు.

ఆఖరి చరణం కొత్తగా కట్టాను. గాయకుడు మొత్తుకున్నాడు. "జనం నోట్లె వడ్డ పాటను ఎట్ల మారుస్తవక్కా?" అన్నాడు. "నాది కాబట్టి మారుస్త తమ్మీ. నువ్వే రాయించుకొమ్మంటివి గదా" అన్నాను.

అందరికంటే ముందు అమ్మకు పాడి వినిపించాను. పల్లవి ఎత్తుకోగానే అమ్మ చెంగు సర్దుకుంది. లేచిపోతుందేమోనని భయపడుతూనే చివరిదాకా పాడాను.

నేను నిద్రవోయిన్నాడు నువ్వు ఎత్తుకున్నవంట బాపూ
నువ్వు నిద్రవోయిన్నాడు నేను ఎట్ల ఎత్తుకోనూ

అమ్మ లేవలేదు. చెంగుతో ముఖం తుడుచుకొని, "ఆఁ, ఇప్పుడు వెట్టుకో నీ పేరు" అంది.