రాగి తూటా, మా సిరి దించిన తుపాకి

అందరూ ఎలా ఉన్నారు? న్యూ లిన్‌లో ఉండే సుబ్బలక్ష్మి వదినా, మోకాలి వాపు తగ్గిందా? చలి మొదలైంది, మేజోళ్ళు లేకుండా తిరక్కు. సిటీలో ఫ్లాట్ తీసుకున్న పిల్లలూ, వేళకి తింటున్నారా, బ్రెడ్డుతో సరిపెడుతున్నారా? మా తమ్ముడు తన షుగర్ ఎంతుందో ఎవరికీ చెప్పడు... మరదలు పిల్లా, నువ్వన్నా చెప్పు, నాకిక్కడ నిద్ర పట్టదు. నేను బాగానే ఉన్నాను. బీపీ మామూలే.

మా చిన్నప్పుడు... మా నాన్న వంటింటి గరిటెలో సీసం కరగబెట్టేవాడు.

కుంపటి మీద గరిటె, గరిటెలో సీసం వెండిలా మిలమిలా... మట్టి అచ్చులో పోసి తూటాలు చేసుకునేవాడు. జొన్నచేలో అడవిపందులు పడేవి మరి. అమ్మ చూసిందంటే "ఆ గరిటె మళ్ళీ నా వంటింట్లోకి వస్తే చెప్తా!" అని దొడ్లోకి విసిరేసేది.

పంది మాంసం వచ్చినా అంతే. చేటలో పరిచి ముక్క ముక్కా వేళ్ళతో నలిపి చూసేది. సీసం విషం కదా, రవ్వ తగిలిందా, చుట్టూ ఉన్నదంతా కోసి పారేసేది. పక్కన కూర్చుని నేనూ వెతికేదాన్ని. ఆ భయం అప్పుడు పట్టుకుంది... ఇప్పటికీ వదల్లేదు.

ఒకసారి నాన్న చాలా దూరం నుంచి ఒక పందిని కొట్టాడు. తగిలింది గానీ పడలేదు, నెత్తురోడుతూ అడవిలోకి పోయింది. చీకటి పడేదాకా వెతికి వచ్చాడు. అమ్మ అన్నం పెడితే కంచం ముందు నుంచి లేచిపోయాడు. "దెబ్బ తిన్న జీవం అక్కడ పడుంటే నాకు ముద్ద దిగదే" అన్నాడు. మర్నాడు తెల్లారకుండానే వెళ్ళి, దాని బాధ తీర్చి వచ్చాకే తిన్నాడు.

ఇప్పుడు ఇక్కడ, మేముండే పాపకూర ఊళ్ళో, మా అబ్బాయికి జింకల వేట పిచ్చి. ఈ దేశంలో జింకలు ఎక్కువైపోయి కొండల్లో మొక్కలన్నీ మేసేస్తున్నాయట, కొట్టినా తప్పు లేదట. డిగ్రీ చదివే మా మనవరాలు సిరి కూడా లైసెన్స్ తెచ్చుకుంది. నేను మాత్రం ఒకటే చెప్పాను... సీసంతో కొట్టిన మాంసం నా వంటింటి గడప తొక్కకూడదు.

సిరి నా పక్కన చేరింది. "నాన్నమ్మ కరెక్ట్ డాడ్. సీసం లోపల పొడి పొడి అయిపోతుంది. కాపర్ వాడదాం."

"రాగి గట్టిదమ్మా. తగిలాక విచ్చుకోకపోతే జింక పడదు, దెబ్బతో పారిపోతుంది" అన్నాడు వాడు. "సరే, ఈ ఒక్కసారికి. నీ మొదటి జింక రాగితో పడితే ఇక మీదట రాగే. లేదంటే పాతదే. మీ నాన్నమ్మ పప్పు వండుకుంటుంది."

నాకు ఒళ్ళు మండింది.

ముందు పరీక్ష చేద్దాం అంది సిరి. అప్పుడు బయటికొచ్చాయి నా ఖాళీ ప్లాస్టిక్ పాల క్యాన్లు. గరాజ్‌లో దాస్తుంటాను... "అత్తయ్యా, డైరీ షాపు పెడతారా ఏంటి?" అని మా కోడలు దెప్పుతూ ఉంటుంది. తెలిసిన రైతు ఫారంలో వాటి నిండా నీళ్ళు పోసి ఒకదాని వెనక ఒకటి పెట్టారు. నా చెవులకి పెద్ద డిప్పలు తగిలించి దూరంగా కూర్చోబెట్టారు.

దగ్గర్నుంచి కొడితే ముందు క్యాన్లు పేలిపోయి, వెనక క్యానులో తూటా దొరికింది. అచ్చం అనాసపువ్వులా రేకులు విచ్చుకుంది. ఒక్క ముక్క రాలలేదు. తడిమి తడిమి చూశాను.

తర్వాత బాగా దూరం నుంచి కొట్టారు. ఈసారి క్యాన్లకి సన్నటి చిల్లులు పడ్డాయంతే. వెనక మట్టికట్టలో దొరికిన తూటా, అంత దూరం వచ్చేసరికి వేగం తగ్గి, విచ్చుకోనే లేదు. సిరి మళ్ళీ మళ్ళీ కొట్టి, ఎంత దూరం దాకా విచ్చుకుంటుందో తేల్చుకుంది. "ఇది దాటితే కొట్టను" అంది.

తర్వాతి వారం అదే ఫారంలో వేట. నేనూ వెళ్ళాను... ఇంట్లో కూర్చుంటే గుండె ఆగేట్టుంది మరి. పులిహోర, ఫ్లాస్కు, అందరికీ రెండేసి స్వెటర్లు. కంచె పక్కన కుర్చీ వేసి "దగ్గొద్దు నాన్నమ్మా" అంది సిరి. దగ్గొద్దు అంటేనే నాకు దగ్గొస్తుంది.

ఎదుటి కొండ మీద జింక బయటికొచ్చింది. సిరి గడ్డిలో పడుకుని తుపాకి పెట్టింది.

"కొట్టు తల్లీ, అడ్డంగా నిలబడింది" గుసగుసగా అన్నాడు మా అబ్బాయి.

సిరి దూరం చెప్పే యంత్రంలో చూసింది. "చాలా దూరం డాడ్."

"తగుల్తుందే!"

"తగుల్తుంది. విచ్చుకోదు."

"మళ్ళీ కనపడదు. మనం అనుకున్న మాట గుర్తుందిగా?"

ఈ పిల్ల మొదటి జింక, నా వంటింటి మాట, రెండూ ఆ కొండ మీదే ఉన్నాయి... సిరి తూటా బయటికి తీసి జేబులో వేసుకుంది. తుపాకి దించేసింది. దగ్గరికెళ్దామని ఇద్దరూ పాక్కుంటూ బయల్దేరారు గానీ జింక చెవులు రిక్కించి కొండ అవతలికి దిగిపోయింది.

నేను దగ్గలేదు. ఒట్టు.

తిరుగు దారిలో కార్లో సిరి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. పెట్రోలు బంకు దగ్గర ఆగి పులిహోర పెడితే, మా అబ్బాయి రెండు ముద్దలు తిని అన్నాడు... "నేనైతే కొట్టేసేవాణ్ణే అమ్మడూ. నాకు ఆగడం రాదు. నువ్వు ఆగావు."

మర్నాడు వాడే వెళ్ళి రాగి తూటాలు ఇంకో పెట్టె తెచ్చాడు. సీసంవి మళ్ళీ కొనలేదు.

మా రోజుల్లో ఆడపిల్ల తుపాకి మీద చెయ్యేస్తే వీపు చిట్లేది. దుమ్ము తుడవడమే గానీ నేను ఎత్తి ఎరగను. ఇప్పుడు మా ఇంటి ఆడపిల్ల గురి చూసి కూడా ఆగిందంటే... కాలం ఎంత మారిపోయిందో! చూడ్డానికి మా నాన్న లేడు. ఈ గొప్ప ఎవరికి చెప్పుకోను, మీకే. మీ ఇళ్ళలోనూ వేట కబుర్లుంటే రాయండి.

ఫారం ఆయన మళ్ళీ రమ్మన్నాడు. కొండ మీద మంచు పడుతుందేమో, కారు జారుతుందేమో అని ఇప్పటి నుంచే నాకు దిగులు... అయినా మా అబ్బాయి ఫోన్ చేసి ఖాయం చేసేశాడు. వచ్చే నెల మొదటి శనివారం. తుపాకి సిరిదే.