మోచేతి కింద ఎడమ చెయ్యి

మా ఎదురింటి మామ్మగారు మొన్న శుక్రవారం పొద్దున చనిపోయారు. నేను వీధి కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉన్నాను. వాళ్ళ కోడలు తలుపు తీసుకుని వచ్చి, ఎవరితో చెప్పాలో తెలియనట్టు అందరి వంకా చూసి, "అత్తమ్మ లేవడం లేదు" అంది. బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా కుళాయి కట్టాలని నాకు తోచలేదు. మా అత్తయ్యగారే వచ్చి కట్టేసి, నా చెవి దగ్గర, "అందరి ముందూ ఏడవకు. ఆవిడ నీకేమవుతుందని అడుగుతారు" అన్నారు.

ఆవిడ నాకేమవుతారో చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. పేర్లు మాత్రం రాయను. మా ఆడపడుచుకి ఇంకా సంబంధం కుదరలేదు. విజయవాడ వన్ టౌన్‌లో ఉల్లిపాయల గోడౌన్ల వెనక ఒక సందు అనుకోండి, అలాంటివి చాలా ఉన్నాయి.

నేను రంగూన్‌లో పుట్టి పెరిగాను. అక్కడ మా నాన్నకి చిన్న పచారీ కొట్టు ఉండేది. అక్కడి పిల్లలు నన్ను "కలా" అనేవాళ్ళు, పైదేశం దానివని. కొట్టు అక్కడి సర్కారు లాగేసుకున్నాక ఓడెక్కి వచ్చేశాం. అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఇంటి దగ్గర అమ్మ నేర్పిన తెలుగు అక్షరాలు తప్ప మరేమీ రావని ఇక్కడి బడిలో రెండో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టారు. వాళ్ళు నా భుజం దాకా కూడా వచ్చేవాళ్ళు కాదు. "బర్మా పిల్లా, కప్పలు తింటావటగా?" అని అడిగేవాళ్ళు. ఏడాది తిరక్కుండానే బడి మానేశాను.

పెళ్ళి కంకిపాడులో మా మేనమామ ఇంట్లో జరిగింది. కాపురానికొచ్చిన మర్నాడే అత్తయ్యగారు నన్ను వంటింట్లోకి పిలిచి, "ఎవరడిగినా కంకిపాడు అని చెప్పు. కాందిశీకుల పిల్ల అంటే అక్కడ ఏం తిన్నారో, ఎవరితో కలిశారో అని లేనిపోనివి పుట్టిస్తారు. నాకు పెళ్ళి కావాల్సిన పిల్లుంది" అన్నారు. ఆవిడ భయం ఉత్తది కాదు. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుంది, అందుకని నోరే తెరిచేదాన్ని కాదు. "మీ కోడలు భలే నెమ్మదస్తురాలండీ" అని వీధంతా మెచ్చుకునేది. మేడ మీద రెండు గదులు, కింద కుళాయి, కిటికీలోంచి కొండ ముక్క ఒకటి. అంతే నా లోకం. మా ఆయన మంచివారే, కానీ పొద్దున గోడౌన్‌కి వెళితే దీపాలు పెట్టాక గాని రారు.

ఆ ఏడు శ్రావణ శుక్రవారం అత్తయ్యగారు నా చేత ఇరుగుపొరుగుకి శనగలు ఇప్పించారు. రంగూన్‌లో పెద్దవాళ్ళకి ఏదైనా ఇస్తే కుడి చేత్తో ఇస్తూ, ఎడమ చెయ్యి కుడి మోచేతి కింద ఆనిస్తాం. అది మర్యాద. భాష దాచుకున్నాను గాని చెయ్యి సంగతి నాకు తట్టలేదు. మూలింటావిడ నవ్వి, "ఏమ్మా, మోచెయ్యి నొప్పా?" అంది.

"బెణికిందండీ, బిందెలు మోసి" అన్నారు అత్తయ్యగారు వెంటనే.

తర్వాతి పొట్లం మామ్మగారిది. ఆవిడ ముసల్మానులైనా మా ఇంట్లో ఏ పండగైనా ఆవిడకో పొట్లం ఉండేది. ఆవిడ చెయ్యి చాచారు. ఎడమ చెయ్యి మెల్లగా వచ్చి ఆవిడ కుడి మోచేతి కింద ఆగింది. రెప్పపాటే. మళ్ళీ కొంగు చాటుకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆవిడ మా గుమ్మంలోకి వచ్చారు. "బొంతలు కుడుతున్నానమ్మా, కళ్ళు ఆనడం లేదు. సూదిలో దారం ఎక్కించడానికి మీ కోడల్ని మధ్యాహ్నం పూట కాసేపు పంపు."

"పంపుతాను లెండి. నోట్లో నాలుక లేని పిల్ల, మీకేం విసుగు రాదు" అన్నారు అత్తయ్యగారు.

వాళ్ళింట్లో తలుపు దగ్గరకి వేసి, నన్ను చాప మీద కూర్చోబెట్టి, ఆవిడ "సా పీ బీ లా?" అన్నారు. అన్నం తిన్నావా అని. బర్మాలో ఎవరు కనపడినా అడిగేది అదే. నేను బావురుమన్నాను.

"ఏడుస్తావేం బేటీ? మా ఆయన రంగూన్‌లో గొడుగులు బాగుచేసేవాడు. జపానోళ్ళ యుద్ధంలో చంటోణ్ణి చంకనేసుకుని కొండలు దాటి నడిచొచ్చాను. నువ్వు దర్జాగా ఓడెక్కి వచ్చావు. నేనేడవాలి!"

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం ఆవిడ బొంత కుట్టేవారు, నేను మాట్లాడేదాన్ని. పూజకి పడవలో వెళ్ళడం, వానలో తడుస్తూ తిన్న చేపల పులుసు సేమ్యా, నాకు గుర్తున్నవన్నీ చెప్పేదాన్ని. నేను మర్చిపోయిన మాట ఆవిడ అందించేవారు, ఆవిడ మర్చిపోయింది నేను. ఒకరోజు నేను కాస్త ఆలస్యంగా వెళ్ళేసరికి ఆవిడ వెలుతురుకేసి తిరిగి సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించేసుకున్నారు. నన్ను చూసి దారం లాగేసి, "ఇదిగో, ఎక్కించు" అన్నారు!

పాత చీరలు ఎండలో వేస్తూ ఒకసారి, "మాట కూడా ఇంతే. పెట్టెలో పెట్టి మర్చిపోతే బూజు పడుతుంది" అన్నారు. బయటికెళ్ళినప్పుడు ఎడమ చేత్తో కొంగు పట్టుకొమ్మని నేర్పింది కూడా ఆవిడే. అప్పుడిక ఆ చెయ్యి మోచేతి కిందకి పోదు.

"ఎన్నాళ్ళు మామ్మగారూ ఇలా?" అన్నాను.

"మీ అత్త ఇప్పుడు, నీ ఆడపడుచు పెళ్ళయ్యేదాకా అంటుంది. తర్వాత నీ కూతురి పెళ్ళయ్యేదాకా అంటుంది. ఎప్పుడు వదలాలో ఆ కొంగుకి తెలీదు బేటీ, నీకే తెలియాలి."

మొన్న శుక్రవారం, చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి అత్తయ్యగారు పెద్ద గిన్నెతో టీ కాచి తెచ్చారు. ఆడవాళ్ళకి మామ్మగారి మొహం చూపించారు. ఆవిడ కాళ్ళ దగ్గర నిలబడ్డాను. చెప్పాల్సిన మాటలన్నీ మనసులోకి బర్మా భాషలోనే వచ్చాయి. అత్తయ్యగారు నన్ను పక్కకి లాగి, "టీ నువ్వందించు. పని చేస్తుంటే ఏడుపు కనపడదు" అన్నారు.

మామ్మగారి కొడుకు గుమ్మం పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. చంకనెక్కి కొండలు దాటి వచ్చిన చంటివాడు ఆయనే. ఆయనకిప్పుడు తల నెరుస్తోంది. గ్లాసు పట్టుకుని వంగాను. నా ఎడమ చేతిలో కొంగు ఉంది. వదిలేశాను. ఆ చెయ్యి దానంతటదే వెళ్ళి కుడి మోచేతి కింద ఆగింది.

"ఏమ్మా, మళ్ళీ బెణికిందా?" అంది వెనక నుంచి మూలింటావిడ.

అత్తయ్యగారి చేతిలో టీ వడపోత ఆగిపోయింది.

"లేదండీ. పెద్దవాళ్ళకి మేం ఇలాగే ఇస్తాం" అన్నాను.

"కంకిపాడులోనా?"

"రంగూన్‌లో."

అత్తయ్యగారు తల వంచుకుని ఇంకో గ్లాసు నింపారు. అప్పట్నుంచీ అవసరమైతే తప్ప నాతో మాట్లాడడం లేదు. ఇక మా ఆడపడుచుకి వచ్చే సంబంధాల వాళ్ళు ఏమంటారో నాకు తెలియదు. మధ్యాహ్నాలు మళ్ళీ ఆ కిటికీ, ఆ కొండ ముక్కే.

కానీ ఆయన గ్లాసు అందుకోవడం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నా మొహం చూడలేదు, నా చెయ్యి చూశారు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నదే అయి ఉంటుంది. కుడి చెయ్యి చాచారు, ఎడమ చెయ్యి మెల్లగా తెచ్చి మోచేతి కింద పెట్టుకున్నారు. గ్లాసు చేతికొచ్చాక కూడా తాగకుండా, ఆ చెయ్యి అక్కణ్ణుంచి తియ్యకుండా, చాలాసేపు అలాగే కూర్చున్నారు.