బొమ్మ పోయి మాట మిగిలిన మధ్యాహ్నం

పోయిన నెలలో రెంటచింతలలో ఉన్న మా ఆడపడుచును చూసి రావడానికి బస్సులో పోతుంటే, పిడుగురాళ్ళ దాటాక రోడ్డు పక్క హోటలు దగ్గర టీలకని బస్సు ఆపారు. హోటలు ముందు తెల్లటి పొడవాటి బండి ఒకటి ఆగి ఉంది. క్యారవాన్ అంటారట దాన్ని. పక్క తలుపు తీసి ఉంటే లోపల మంచం, పొయ్యి, గోడకు పెద్ద టీవీ కనబడ్డాయి. టీవీలో ఏదో సినిమా వస్తోంది. నా ఈడుదే ఒకావిడ, పక్కన ఆమె భర్త, ఇద్దరూ ఒకే పొట్లంలోంచి పకోడీలు తింటూ చూస్తున్నారు. పరాయివాళ్ళ ఇంట్లోకి తొంగి చూడకూడదని తెలిసి కూడా ఆ ఎండలో అట్లాగే నిలబడిపోయాను. "ఏందమ్మా, వస్తావా రావా?" అని కండక్టరు కేకేసేదాకా కాలు కదల్లేదు.

అటువంటి బండి మాకూ ఒకటి ఉండేది. ఇంత నాజూకైనది కాదు, ఏసీ లేదు, కానీ అందులో మంచం ఉంది, పొయ్యి ఉంది, సినిమా ఉంది.

వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్లు ఊరూరా ఉన్న రోజులు మీలో నా తోటివాళ్ళకు గుర్తుండే ఉంటాయి. నరసరావుపేటలో మా ఆయనకు అట్లాంటి కొట్టు ఉండేది. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీల తరవాత డీవీడీలు వచ్చాయి, ఆఖరికి అడిగేవాళ్ళే లేకుండా పోయారు. కొట్టు మూసిన రోజున ఆయన బల్లలూ అద్దాల బీరువాలూ ఎవరెవరికో ఇచ్చేసి, తనకు నచ్చిన డిస్కులు మాత్రం ఆరు రేకు డబ్బాల్లో సర్దుకుని రిక్షాలో ఇంటికి తెచ్చుకున్నారు. మాకు పిల్లలు లేరు. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని, ఆయన పొద్దు గూకులూ కొట్లో ఉండేవారు. పేటలో సగం మందికి సినిమాలు చూపించిన మనిషి భార్యనై ఉండి, ఆయన పక్కన కూర్చుని ఒక్క సినిమా సాంతం చూసిన పాపాన పోలేదు. ఆ మాట ఒకనాడు నవ్వుతూనే అన్నాను గానీ ఆయనకు ఎక్కడో తగిలినట్టుంది. "ఇంట్లో చూడ్డం కుదరదే. కుక్కరు కూసిందని ఒకసారి, ఎవరో జాకెట్ కోసం వచ్చారని ఒకసారి లేచిపోతావు. నిన్ను ఊరు దాటిస్తే గానీ కుదరదు," అన్నారు.

అట్లా ఒక బడివాళ్ళు వదిలించుకుంటున్న పాత వ్యాను మా ఇంటికొచ్చింది. సీట్లు పీకించి, మంచం కొట్టించి, దాని కింద డిస్కుల డబ్బాలు పట్టేటట్టు అరలు పెట్టించారు. టీవీని ఇనుప పట్టీలతో బిగించి, దానికి వేరే బ్యాటరీ పెట్టించారు. కిటికీలకు తెరలు నా పట్టుచీరల్లో పాతబడ్డవాటితో నేనే కుట్టాను. వీధిలోవాళ్ళు దాన్ని బొమ్మబండి అనేవాళ్ళు. వెనక నవ్వుకునేవాళ్ళని తెలుసు, మేం పట్టించుకోలేదు.

మూడు చలికాలాలు తిరిగాం. ఎత్తిపోతల దగ్గర ఆగాం, సాగరు కట్ట దిగువన ఆగాం, అమరావతిలో కృష్ణ ఒడ్డున స్నానాలు చేసి తడిబట్టలు బండి మీద ఆరేసుకుని సినిమా పెట్టుకున్నాం, నకరికల్లు దగ్గర కాలవ గట్టున అయితే ఎన్నిసార్లు ఆగామో లెక్క లేదు. పొద్దున్నే బయలుదేరి, ఎండెక్కేసరికి ఏదో చెట్టు నీడన ఆపి, వండుకు తిని, తెరలు లాగి చీకటి చేసుకునేవాళ్ళం. ఆయనకు ప్రతి సినిమా నోటికి వచ్చు. రాబోయే మాట ముందే అనేసి నన్ను విసిగించేవారు. ఏ డిస్కు మీద ఏ గీత ఉందో, ఏ పాట మధ్యలో బొమ్మ ఎగిరి ఎక్కడ పడుతుందో కూడా తెలుసు. అక్కడికి రాగానే చిటికె వేసేవారు, చిటికెకు సరిగ్గా బొమ్మ ఎగిరేది. ఆ వయసులో అంత సంతోషం మనిషికి రాకూడదేమో అని నాకు లోలోపల భయంగా ఉండేది.

మూడో ఏడు ఎండలు ముదరకముందే ఒకసారి మా ఆడపడుచును చూసి వద్దామని మాచర్ల నుంచి రెంటచింతల వస్తున్నాం. దారిలో మిరపకాయ కోతకు పోతున్న ఆడవాళ్ళు రోడ్డు వారగా నడుస్తుంటే మా బండి వాళ్ళ మీదికి పోయినంత పనైంది. బుట్టలు వదిలేసి చేలోకి దూకారు. అందులో ఒకామె వెనకనుంచి, "కళ్ళు పోయినయ్యా ఏందయ్యా నీకు?" అని అరిచింది. నాకు రోషం వచ్చి కిటికీలోంచి తల బయటపెట్టి ఆమెను నాలుగు మాటలన్నాను. ఆయన స్టీరింగు గట్టిగా పట్టుకుని ముందుకే చూస్తూ పోయారు.

ఊరు ఇంకా రెండు మైళ్ళుందనగా వేపచెట్ల కింద ఆపాం. భోజనాలయ్యాక డిస్కు నన్నే పెట్టమన్నారు. ఎప్పుడూ నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు, అదీ నాకు తట్టలేదు. సినిమా సగంలో ఉండగా నేను టీ పెట్టడానికి పొయ్యి వైపు తిరిగాను. మాటలు వినబడుతూనే ఉన్నాయి. గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగేసరికి టీవీ నల్లగా ఉంది. వేడికి బొమ్మ పోయి మాట ఒక్కటే వస్తోంది. ఆయన ఆ నల్లటి అద్దం వైపే మొహం పెట్టి, నవ్వాల్సిన చోట నవ్వుతూ కూర్చుని ఉన్నారు.

గ్లాసులు కింద పెట్టాను. ఎందుకు అట్లా అడిగానో తెలియదు, "ఇప్పుడు ఆ పిల్ల కట్టుకున్న చీర ఏం రంగండీ?" అన్నాను.

"పచ్చది. ఎన్నిసార్లు చూశావే, ఇంకా తెలీదా?" అన్నారు.

నా మౌనంలోనే ఆయనకు అర్థమైపోయింది. చెయ్యి చాచి టీవీ కోసం గాలిలో తడుముకున్నారు. "బొమ్మ లేదా?" అన్నారు. ఆ గొంతు నేను అంతకుముందు విన్నది కాదు.

"ఎడమ కన్ను పోయి ఏడాదయిందే. కుడిదాన్లో పొద్దున్నుంచి పొగ కమ్మింది."

"మరి బండెట్లా తోలారు?"

"ఈ రోడ్డు నాకు నోటికొచ్చు గదా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే తోలనిస్తావా?"

అప్పుడు చేలోకి దూకిన ఆ ఆడవాళ్ళు కళ్ళ ముందు కదిలారు. ఆమె అడిగింది నిజమే. నేను తిట్టింది ఆ నిజాన్ని. ఆ తల్లి ఎవరో, ఏ ఊరో, ఇవాళ్టికీ క్షమాపణ చెప్పుకోలేదు.

ఫోను చేస్తే మా ఆడపడుచు భర్త మోటారుసైకిలు మీద వచ్చి, బండి తోలి మమ్మల్ని ఇంటికి చేర్చారు. మర్నాడు ఆయన్ని గుంటూరులో కంటి డాక్టర్ల దగ్గరికి తీసుకుపోయాను. షుగరు కంటి లోపలి పొరను తినేసిందన్నారు. ఏడాది ముందు వస్తే ఏమైనా చేసేవాళ్ళమన్నారు. అయినా కుడికంటికి ఆపరేషను చేశారు. కట్టు విప్పినప్పుడు కిటికీ ఎటుందో మాత్రం ఆయన చెప్పగలిగారు. రెండు నెలలకు అదీ పోయింది.

కొన్నాళ్ళు బండిని ఇంటి పక్కనే ఉంచి, మధ్యాహ్నాలు అందులోనే కూర్చోబెట్టి సినిమా వేసి, కనబడేది కనబడినట్టు చెప్పేదాన్ని. నాకు చెప్పడం చేతకాదు. "అట్టా కాదే, ముందు ఆమె వెనక్కి తిరిగి చూస్తది, అప్పుడు గదా తలుపేసేది," అని దిద్దేవారు. రానురాను దిద్దడం తగ్గింది. ఒకరోజు నేను ఏకంగా ఒక సీను ఎగరగొట్టినా ఊరుకున్నారు. ఎండకు డిస్కులు ఒక్కొక్కటే మొరాయించాయి, ఆడించే పెట్టె చెడిపోయింది, బాగుచేసేవాళ్ళు పేటలో దొరకలేదు. ఎదురింటి కోడలు జాలిపడి, "అన్నీ దీంట్లో ఉంటయ్ అత్తా," అని ఫోనులో ఆయనకిష్టమైన సినిమానే పెట్టింది. ఆయన వింటూ వింటూ పాట మధ్యలో చిటికె వేశారు. పాట ఎగరలేదు, నున్నగా సాగిపోయింది. "తీసెయ్ అమ్మా, ఇది నాది కాదు," అన్నారు. మళ్ళీ సినిమా ఊసెత్తలేదు.

బండిని పాత ఇనుము వాళ్ళు తీసుకుపోయిన రోజున ఆయన గుమ్మంలో నిలబడ్డారు, ఇంజను చప్పుడు ఒక్కసారి వినాలని. అది స్టార్టు కాలేదు. గొలుసు కట్టి ఈడ్చుకుపోయారు.

ఇప్పుడు ఎవరూ ఏ సినిమానూ దాచుకోనక్కర్లేదు. వేలెత్తి తాకితే వస్తుంది, మళ్ళీ తాకితే పోతుంది. మాకు మాత్రం దాచుకోవడమే బతుకైంది, దాచుకున్నది ఇంత త్వరగా మట్టి అవుతుందని ఎవరు చెప్పారు?

మొన్న అన్నం కలిపి పెడుతుంటే ఆయన ఉన్నట్టుండి, "ఆ సినిమాల్లో మొహాలన్నీ ఇంకా కనబడతన్నయ్యే. నీదే రావట్లా. ఎంత పట్టుకుందామన్నా రావట్లా," అన్నారు. ఆయన చెయ్యి తీసి నా చెంప మీద పెట్టుకున్నాను. కాసేపు తడిమి, తల అడ్డంగా ఊపి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఆయన్ని తప్పు పట్టలేను. ఆ మూడు చలికాలాలూ పక్కపక్కనే కూర్చుని ఇద్దరం ఎదురుగా ఉన్న బొమ్మనే చూశాం. చూపున్న రోజుల్లో ఆయన కళ్ళు ఎట్లా ఉండేవో, ఎంత ఆలోచించినా, ఇప్పుడు నాకూ గుర్తుకు రావడం లేదు.