పలమనేరు చలిలో పాసైన ర్యామ్

పురోహితుడు తాళి అందించాడు. పెళ్లికొడుకు లేచి వంగాడు. సరిగ్గా అక్కడ తెర మీద ఆకుపచ్చ గళ్లు పరుచుకున్నాయి. బొమ్మ బిగుసుకుపోయింది. నాదస్వరం ఒకే ముక్కను గీరుతూ ఉండిపోయింది. మళ్లీ బొమ్మ కదిలేసరికి ఇద్దరూ తలంబ్రాలు పోసుకుంటున్నారు.

పెళ్లికూతురి తండ్రి కుర్చీలోంచి లేచాడు.

"తాళి యాడప్పా?"

"ఇంగోసారి సూద్దాం సామీ," అన్నాడు మా షడ్డకుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త. వీడియో తీసింది, కంప్యూటర్‌లో కూర్చింది అతనే. ఇంకోసారి చూసినా అవే గళ్లు.

"మా యమ్మ చంద్రగిరిలో తుంటి ఇరిగి మంచాన ఉండాది. పెండ్లికి రాలేకపోయినాది. ఆయమ్మకు సూపించాలనే గదా ఇది తీయించింది! పోనీ, ఆ టేపన్నా ఇయ్యి."

టేపు మీద అప్పటికే ఇంకో పెళ్లి ఎక్కింది. కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాక టేపును మళ్లీ వాడటం అప్పట్లో చిన్న స్టూడియోల అలవాటు. షడ్డకుడు తల దించుకున్నాడు. గది మూలన నేనూ ఉన్నాను. 

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. అతనికి పలమనేరులో ఫొటో స్టూడియో ఉండేది. తిరుపతిలో గది తీసుకుని పెళ్లి వీడియోల పనిలో నిలదొక్కుకోవాలని అతని ఆశ. నేను తిరుపతిలో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసేవాణ్ని. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను కాబట్టి బంధువులందరికీ నేనే ఇంజినీరు.

అతని కంప్యూటర్ ప్రాసెసర్ వేగం వీడియో పనికి చాలదు. కొత్తది కొనే స్తోమత లేదు. ఉన్నదాన్నే కంపెనీ పెట్టిన వేగానికి మించి పరిగెత్తించవచ్చనీ, దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారనీ ఒక కంప్యూటర్ పత్రికలో చదివాం. అయితే ప్రాసెసర్‌తో పాటు ర్యామ్ అనే మెమరీ కూడా పరిగెత్తగలగాలి. దానికోసం ఇద్దరం చెన్నై బస్సెక్కాం. అంగట్లో ఎటూ తేల్చుకోలేక చాలాసేపు నిలబడ్డాం. ఎక్కువ వేగానికే తయారైన మంచి కంపెనీ ర్యామ్ ఒకటి వస్తుంది. అదే ధరకు పేరూ ఊరూ లేనివి రెండు వస్తాయి. వీడియో పనికి మెమరీ ఎంత ఉంటే అంత సుఖం. వేగం తట్టుకునేది మాత్రం ఆ ఒక్కటే.

"అన్నా, ఒక ఎద్దును కొని కడుపునిండా మేపేదా, రెండెద్దులు కొని పస్తు పెట్టేదా?"

"నువ్వే చెప్పప్పా. సేద్యం నీది."

"మన ఇండ్లల్లో ఎప్పుడూ రెండెద్దులే గదా!" అని నవ్వి రెండూ పొట్లం కట్టించాడు. నేనూ సరేనన్నాను.

కార్తీక మాసంలో పలమనేరులో వాటిని పరీక్షించాం. కంప్యూటర్ పక్క రేకు విప్పి, కిటికీ దగ్గర పెట్టి, వేగం కొద్దికొద్దిగా పెంచుతూ పోయాం. ఒకచోట ఆగిపోయింది. ఒక మెట్టు వెనక్కి తగ్గి, మెమరీని పరీక్షించే ప్రోగ్రామును పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిపాం. ఒక్క తప్పూ చూపలేదు. చివర్లో ర్యామ్ మీద వేలు పెట్టి చూశాను. గోరువెచ్చగా కూడా లేదు.

"మా ఊరి గాలన్నా ఇది," అన్నాడు స్వెట్టర్ లాక్కుంటూ. "మీ తిరపతిలో దుప్పట్లు అమ్మేవోడు పస్తుండాల్సిందే."

ఇద్దరం పకపకా నవ్వుకున్నాం.

వైశాఖంలో ఆ కంప్యూటర్ తిరుపతికి దిగింది. అతను తీసుకున్నది మేడ మీది గది. మధ్యాహ్నం గోడకు వీపు ఆనించలేం. అవే రెండు ర్యామ్‌లు, అదే వేగం. ఒకసారి పాసైంది కదా అని మళ్లీ పరీక్ష పెట్టలేదు. కంప్యూటర్ ఆగిపోయి ఉంటే వెంటనే తెలిసేది. అది ఆగలేదు. పని చేస్తూనే, ఆ వేడికి లోపల్లోపల తప్పులు రాసుకుంటూ పోయినట్టుంది. ఆ వేసవంతా జిల్లా ఎండల వార్తకు శీర్షిక పెట్టింది నేనే. పలమనేరుకూ తిరుపతికీ తేడా ఎంతో ప్రతి సాయంత్రం నా చేతి మీదుగానే అచ్చుకు వెళ్లేది. ఆ అంకెలకూ ఆ గదిలోని పెట్టెకూ సంబంధం ఉంటుందని ఒక్క సాయంత్రం కూడా అనిపించలేదు.

వేగాన్ని కంపెనీ లెక్కకు తగ్గించాక అదే గదిలో మరే వీడియో చెడలేదు. అయినా ఆ పెళ్లిళ్ల కాలం ముగియగానే అతను గది ఖాళీ చేసి పలమనేరు వెళ్లిపోయాడు. సామాను ఎక్కిస్తున్నప్పుడు నేను ఏదో అనబోతే, "నువ్వేం జేస్తావన్నా, ఎద్దుల్ని కొన్నోణ్ని నేను గదా," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

తాళి కట్టే చోట ఫొటోలు పేర్చి, వాటికింద నాదస్వరం అతికించి ఒక సీడీ చేశాడు. పెళ్లికూతురి తండ్రికి ఫోన్ చేస్తే "వస్తాంలేప్పా" అన్నాడు. మరోసారి చేసినా అదే మాట. ఆయన రాలేదు. చంద్రగిరి తిరుపతి పక్కనే. మేమూ పోలేదు. ఆ సీడీ ఇప్పటికీ పలమనేరులో షడ్డకుడి బీరువాలో ఉంది. మనవరాలి పెళ్లిని ఆ అవ్వకు ఎలా చూపించారో, అసలు చూపించారో లేదో మాకు తెలియదు.