పన్నెండు మొగ్గలు, ఒక కుండీ

ఫిబ్రవరి అంటే నాకు ఒళ్ళు మంట. పేరుకి చిన్న నెల, కానీ ఎంతకీ అవదు. డిసెంబరు చలికి పండగ ఉంటుంది, వీధుల్లో దీపాలుంటాయి. జనవరికి కొత్త సంవత్సరమన్న భ్రమ ఉంటుంది. ఫిబ్రవరికి ఏముంది? తడి మట్టి, బూడిదరంగు ఆకాశం, పెరటి కంచె మీద ఒక కాకి. ఆ కాకి కూడా విసుగ్గానే కూర్చునేది.

మేం అప్పుడు ఇంగ్లండులో, కోవెంట్రీలో ఉండేవాళ్ళం. మా ఆయన ఆసుపత్రిలో డాక్టరు. నేను అదే ఆసుపత్రి ల్యాబులో రక్తం శాంపిళ్ళు చూసేదాన్ని. చీకట్లో వెళ్ళడం, చీకట్లో రావడం. ఉన్న కాస్త వెలుతురూ కిటికీ లేని గదిలో గడిచిపోయేది. ఒంట్లో బాగాలేదని మా వీధి డాక్టరు, జీపీ, దగ్గరికి వెళితే విటమిన్ మాత్రలు రాసి, కాస్త బయట తిరగమంది. ఎక్కడ తిరగను? వంటింటి కిటికీలోంచి పెరడు కనిపించేది. పెరడంటే పెద్దదేం కాదు, నాలుగు మంచాలు పడితే నిండిపోతుంది. అందులో ఒక్క పువ్వు పూయించాలని నా పట్టుదల. కొన్న పువ్వు కాదు, నా మట్టిలోంచి వచ్చింది.

ఇక్కడ వసంతంలో ముందుగా పూసే పసుపు పువ్వు డాఫొడిల్. దాని దుంపలు ఉల్లిపాయల్లాగే ఉంటాయి. చలి ముదరకముందే పాతిపెట్టి, నెలల తరబడి ఎదురు చూడాలి. మొదటి ఏడు నేను పాతినవన్నీ ఉడుతలు తవ్వి తినేశాయి. రెండో ఏడు పని ఒత్తిడిలో ఆలస్యంగా పాతాను, ఆకులు వచ్చాయి తప్ప పువ్వు రాలేదు. మూడో ఏడు పక్కింటి ముసలావిడ జాలిపడి తన దుంపలు ఇచ్చింది. ఆవిడదీ నా జబ్బే. జనవరి వచ్చిందంటే విత్తనాల కేటలాగు పట్టుకుని, పేజీలు నలిగిపోయేదాకా బొమ్మలు చూసుకునేది. కంచెకి అటు ఆవిడ, ఇటు నేను, ఉత్త మట్టిని చూస్తూ నిలబడేవాళ్ళం. "ఎనీ డే నౌ, లవ్" అనేది, ఇవాళో రేపో అన్నట్టు. ఆ మాట నవంబరు నుంచీ అంటోంది.

పన్నెండు దుంపలు కిటికీ ఎదుట వరసగా పాతాను. ఉడుతలు రాకుండా పైన ఇనప జాలీ పరిచాను. ఒకటి మిగిలితే పాత కుండీలో గుచ్చి షెడ్డు వెనక పడేశాను. దాని సంగతే మర్చిపోయాను.

ఆ ఏడు సెప్టెంబరులో మా అత్తయ్య వచ్చారు. తెనాలి నుంచి, ఆరు నెలల వీసా మీద. పాప కొత్తగా బడికి వెళుతోంది, మా ఇద్దరి డ్యూటీ రోటాలూ కలవడం లేదు, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. అందుకని మా అవసరం చూసుకుని పిలిపించామే గానీ, సెప్టెంబరులో వచ్చిన మనిషి మార్చిలో వెళ్ళిపోతే ఈ దేశంలో ఒక్క పువ్వయినా చూస్తుందా అని ఆలోచించలేదు. టికెట్లు కొన్నది నేనే. పూల కోసం అంతగా అంగలార్చేదాన్ని, నాకే తట్టలేదు.

అత్తయ్యకి పొద్దున్నే లేచి పూలు కోయడం ఊపిరి పీల్చడం లాంటిది. తెనాల్లో తెల్లవారకముందే సజ్జ పట్టుకుని బయల్దేరేవారు. తన నందివర్ధనం, పక్కవాళ్ళ మందారం, గోడ దాటి వీధిలోకి వచ్చిన ఎవరి గన్నేరైనా సరే. అక్కడ దాన్ని దొంగతనం అనరు. ఇక్కడికి వచ్చాక సూపర్‌మార్కెట్ చామంతులు తెచ్చి ఇస్తే ముట్టుకుని చూసి పక్కన పెట్టేశారు.

"ఏవిటే ఇవి, ఐసు ముక్కల్లా ఉన్నాయి! ఫ్రిజ్జులోంచి తీసినవి దేవుడికి పెడతావా?"

"ఇక్కడ ఇవే దొరుకుతాయత్తయ్యా."

"ఏం దేశమే తల్లీ, దేవుడికి ఒక్క పువ్వుకి గతిలేదు."

ఇక ఆ రోజు నుంచీ అక్షింతలతోనే పూజ. రోజూ పటం ముందు నిలబడి "ఇవాళ్టికీ ఇంతే నాయనా, సర్దుకో" అని దేవుడికి సంజాయిషీ చెప్పుకునేవారు. నాకు నవ్వూ వచ్చేది, చిరాకూ వచ్చేది. "కాస్త ఆగండి, వసంతం వస్తే చూద్దురుగాని, ఊరంతా పచ్చగా పూస్తుంది" అని చెప్పేదాన్ని. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. వసంతానికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

ఫిబ్రవరి ఆఖరుకి మొగ్గలు కనిపించాయి. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు టార్చిలైటు వేసుకుని వెళ్ళి లెక్కపెట్టేదాన్ని. మూడు. ఏడు. పన్నెండు! ఆకుపచ్చ తొడుగు చీలి లోపలి పసుపు గీతలా కనిపిస్తోంది. ఆ సంతోషం పట్టలేక అత్తయ్యని చేయి పట్టుకుని లాక్కెళ్ళి చూపించాను. ఆవిడ వంగి, ఒక్కో మొగ్గనీ వేలితో తాకి చూశారు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. వేసవిలో మల్లెతీగ ముందు నిలబడినప్పటి చూపు అది. ఈ సాయంత్రం కోద్దామా, ఒక రోజు ఆగుదామా అన్న చూపు.

ఆ శనివారం నాకు సెలవు. కాస్త ఆలస్యంగా లేచి, టీ కప్పుతో కిటికీ దగ్గరికి వచ్చాను. వరసగా పన్నెండు కాడలు. ఒక్కదానికీ తల లేదు.

మళ్ళీ ఉడుతలే అనుకున్నాను. అంతలో పూజగదిగా మార్చిన అల్మారా దగ్గర్నించి గంట వినిపించింది. వెళ్ళి చూస్తే వెంకటేశ్వరస్వామి పటానికి దండ. తెల్ల దారంతో, ముడికీ ముడికీ సమంగా, పన్నెండు మొగ్గల దండ. అత్తయ్య తలస్నానం చేసి, నుదుట పెద్ద కుంకుమ బొట్టుతో, ఆరు నెలల్లో నేనెప్పుడూ చూడనంత వెలిగిపోతున్న మొహంతో వెనక్కి తిరిగారు.

"చూశావుటే? ఇన్నాళ్ళకి స్వామికి కళ వచ్చింది."

అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం చేశారండీ! ఇంకో వారం ఆగితే పూసేవి! ఎవరడిగి కోశారు?"

"మొగ్గలుగానే కొయ్యాలి కదే. సాయంత్రానికి దేవుడి దగ్గర విచ్చుతాయి. పూసింతర్వాత కోస్తే అది వాడిపోయే పువ్వు."

"ఇవి మల్లెలు కావు! మూడేళ్ళుగా చూస్తున్నాను నేను, మూడేళ్ళు! ఒక్కటి మిగల్చలేదు. ఈ ఇంట్లోకి వచ్చినప్పటినుంచీ మీ చేతికి అందింది ఏదీ మిగల్చలేదు!"

నోరు జారాను. ఆ రెండో మాట పూల గురించి కాదు. నా వంటిల్లు సర్దేయడం, నా కూరలో ఉప్పు వేయడం, పాపకి నా కంటే ముందు జడ వేసేయడం, ఆరు నెలల ఉక్రోషమంతా అందులో ఉంది. అత్తయ్యకీ అది తెలిసింది. చేతిలో మిగిలిన దారాన్ని వేలికి చుట్టి, చుట్టి, అల్మారా అరలో పెట్టి వెళ్ళిపోయారు.

మొగ్గలు విచ్చలేదు. సాయంత్రానికి మెడలు వాల్చాయి, మర్నాటికి ముడతలు పడ్డాయి. అత్తయ్య తనే ఆ దండ తీసి కాగితంలో చుట్టి, మళ్ళీ అక్షింతలు అందుకున్నారు. ఆ రోజు నుంచీ పెరట్లోకి అడుగుపెట్టలేదు. వంటింట్లో బియ్యం ఏరేటప్పుడు కూడా కుర్చీ అటు తిప్పుకుని, కిటికీకి వీపు పెట్టి కూర్చునేవారు. నేనేమైనా పలకరిస్తే "ఊఁ" అనేవారు. అంతే. అరిచి పోట్లాడినా బాగుండేది నాకు.

క్షమించమని అడగడం మా ఇళ్ళల్లో అలవాటు లేదు. వేడివేడిగా పెసరట్టు వేసి పెడతాం, కొత్త శాలువా కొనిస్తాం. రెండూ చేశాను. ఆవిడ తిన్నారు, కప్పుకున్నారు, కుర్చీ మాత్రం ఇటు తిప్పలేదు.

మార్చి మొదటి వారంలో చెత్త డబ్బా బయట పెట్టబోతే షెడ్డు వెనక కుండీ కనిపించింది. అందులో ఒక మొగ్గ! నాకు ప్రాణం లేచొచ్చింది. అత్తయ్య ప్రయాణానికి ఇంకా పదిహేను రోజులుంది. ఈ ఒక్కటీ ఆవిడ కళ్ళ ముందు పూస్తే చాలు, నా మాట వెనక్కి తీసుకున్నట్టే అనుకున్నాను. కుండీ తెచ్చి పెరటి గుమ్మం పక్కన పెట్టాను. ఆవిడ ఓరగా చూశారు.

పక్కింటావిడ కంచె మీదుగా చూసి గట్టిగా చెప్పింది. "చల్లగానే ఉండనివ్వు. లోపలికి మాత్రం తేకు. తొందరపెడితే చెడిపోతుంది."

సరేనన్నాను. వారం రోజులు ఓపిక పట్టాను. మొగ్గ కదలదే! పైగా ఆ ఏడు మార్చిలో మంచు కూడా పడింది. ఏడవాలో నవ్వాలో తెలియని పరిస్థితి. పొద్దున లేవగానే అదే చూపు, పడుకోబోయే ముందు అదే చూపు. మా ఆయన "అది నీ పేషెంటా ఏంటి, రౌండ్లు వేస్తున్నావు?" అని వెక్కిరించాడు. నాకు ఆ వేళాకోళం నచ్చలేదు. వాళ్ళమ్మ ఆ పువ్వు చూడకుండా వెళ్ళిపోతే ఆ మాట జీవితాంతం నా మెడకి చుట్టుకుంటుందని ఆయనకేం తెలుసు? గొడవైన శనివారం ఆయన డ్యూటీలో ఉన్నాడు, నేనన్న మాట ఆయనకి నేనూ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు.

ప్రయాణం ఇంక వారం ఉందనగా నా ఓపిక చచ్చింది. కుండీ ఎత్తుకొచ్చి హాల్లో రేడియేటర్ పక్కన పెట్టాను. రెండు రోజులైనా మార్పు లేకపోతే రేడియేటర్ మీద అరలోకి ఎక్కించి, వేడి ఇంకాస్త పెంచాను. మొగ్గ కాస్త లావెక్కినట్టు అనిపించింది. పూసేస్తోందని మురిసిపోయాను. నాలుగో రోజు పొద్దున ముట్టుకుంటే గరగరలాడింది. లోపల పసుపు లేదు, తడి లేదు. ఎండిన ఉల్లిపొరలా పొడిపొడిగా చేతిలోకి వచ్చేసింది.

అత్తయ్య నా వెనకే నిలబడి ఉన్నారు. నా చేతిలోది చూశారు, కుండీ చూశారు, కిందనున్న రేడియేటర్ చూశారు.

"నేను తుంచాను. నువ్వు ఉడకబెట్టావు," అన్నారు. అని నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్వారు. "సరిపోయింది లేవే, ఇద్దరికీ."

నేను నవ్వలేకపోయాను. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆవిడ నవ్వేశారు కాబట్టి ఆ మాట గురించి ఇప్పుడైనా మాట్లాడి ఉండాల్సింది. సూట్‌కేసులు తూచడం, పచ్చళ్ళ ఖాళీ సీసాలు సర్దడం, పాప ఏడుపు, వీటిలో పడి అదీ జరగలేదు. హీత్రోలో లోపలికి వెళ్ళేముందు నా బుగ్గ నిమిరి, "పూస్తే చెప్పు" అన్నారు. అంతే.

రెండు వారాలకి పూశాయి. మా పెరట్లో కాదు, ఊళ్ళో. నాలుగు రోడ్లు కలిసే రౌండబౌట్ల మీద, రోడ్డు పక్క గట్ల మీద, బడి గేటు దగ్గర, ఆసుపత్రి కార్ పార్కు అంచున. వేలకి వేలు. ఊరి కౌన్సిల్ వాళ్ళు ఎప్పుడో పాతి వదిలేసినవి. వాటికి జాలీ కప్పినవాడు లేడు, టార్చి వేసి లెక్కపెట్టినవాడు లేడు. పొద్దున్నే డ్యూటీకి వెళుతూ కారు అద్దాలు మూసుకుని వాటి మీద అరిచాను. "సిగ్గులేదూ మీకు? ఇప్పుడా వచ్చేది? ఆ మనిషి ఆరు నెలలు ఇక్కడే ఉంది కదా, అప్పుడేం రోగం?" పక్క లేనులో ఉన్నతను నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

ఆదివారాలు అత్తయ్య ఫోను చేస్తే "పూశాయా?" అనేవారు. "ఇంకా చలి తగ్గలేదత్తయ్యా" అనేదాన్ని. రెండు ఆదివారాలు అదే అబద్ధం ఆడాను. మూడో వారం పాప ఫోను లాక్కుని "నానమ్మా, ఇట్స్ ఆల్ యెల్లో ఎవ్రీవేర్!" అని చెప్పేసింది. అటు నుంచి అత్తయ్య నెమ్మదిగా, "దేవుడికి పెట్టావుటే?" అన్నారు.

మర్నాడు డ్యూటీకి వెళుతూ పెద్ద రౌండబౌట్ దాటాక కారు పక్కకి ఆపి, లైట్లు మిణుకుమిణుకుమనేలా పెట్టి, మెడలో ఆసుపత్రి కార్డు వేలాడుతుండగా గట్టు ఎక్కాను. విచ్చిన పువ్వులు ఎన్నో ఉన్నాయి. నేను వెతికి వెతికి ఒక మొగ్గ కోశాను, పొడుగ్గా కాడతో సహా. కౌన్సిల్ పువ్వుకి ఎంత శిక్షో నాకు తెలియదు. అక్కణ్ణించే ఇంటికి వెనక్కి తిప్పి, స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, స్వామి పటం ముందు పెట్టి, డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళి తిట్లు తిన్నాను.

సాయంత్రం వచ్చేసరికి అది విచ్చుకుని ఉంది. వీడియో కాల్ చేసి అత్తయ్యకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, తెరకి మొహం ఆనించి చాలాసేపు చూశారు.

"ఎక్కడిదే?"

"మన పెరట్లోదే అత్తయ్యా."

"మన పెరట్లో నేనేం మిగల్చలేదుగదే."

కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు అన్నారు. నేను ఆ రోజు అన్న మాటని అన్నట్టే, అంతదూరం తీసుకెళ్ళి దాచుకున్నారు.

"మిగిల్చారత్తయ్యా. కుండీలో ఒకటి మిగిల్చారు," అన్నాను. "దాన్ని నేనే చంపాను."

ఆవిడ కళ్ళజోడు కిందికి దింపుకున్నారు. ఆ తర్వాత, "సర్లే, గ్లాసులో నీళ్ళు మార్చు," అన్నారు.