కడియాల కింద తీసిన ఐదు పౌండ్లు

1966 జూన్‌లో నన్ను బెల్లంపల్లి దగ్గరి ఒక బొగ్గుగని ఆస్పత్రికి అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. నేను పుట్టింది పెద్దపల్లి పక్కన ఒక దేశ్‌ముఖ్ ఇంట్లో. భూములు పోయాయి, కోటలాంటి మా గడి కూలింది. ఒకరి ముందు వంగి మాట్లాడే అలవాటు మాత్రం మాకు రాలేదు. ఉద్యోగంలో అది నాకు మేలు చేసిన సందర్భాలు తక్కువ.

కొత్తగా పనిలోకి వచ్చేవారి వైద్య పరీక్ష నా బాధ్యత. ఎత్తును బట్టి ఉండవలసిన బరువు అంచనా కట్టడానికి మాకొక సూత్రం ఉండేది. ఐదడుగుల ఆడమనిషికి నూరు పౌండ్లు, ఆపైన అంగుళానికి ఐదు కలపాలి. మగవాడికి నూటఆరు, అంగుళానికి ఆరు. పదోవంతు తగ్గినా ‘ఫిట్’. కడుపునిండా తినే దేశాల వాళ్లు కట్టిన లెక్క ఇది. మా దగ్గరికి వచ్చేది గంజి తాగి నడిచొచ్చిన కూలీలు, సిరిసిల్ల మగ్గాల మీద ఎండిపోయిన నేతవాళ్లు. పదోవంతు సడలింపు చాలదని రెండుసార్లు పైకి రాశాను. జవాబు లేదు.

ఒకరోజు రాజవ్వ అనే ఆమెకు ‘అన్‌ఫిట్’ అని సంతకం చేశాను. ఎత్తు ఐదడుగులు, బరువు ఎనభై ఏడు. గనిలో చనిపోయిన భర్తకు బదులుగా ఆమెకు పైన బొగ్గు ఏరే పని ఇవ్వాలి. అది పోతే ఉంటున్న క్వార్టరూ పోతుంది. జాబితా మధ్యాహ్నానికి మేనేజరు ఆఫీసుకు చేరాలి.

ఆమె కదలలేదు. “కాంటా మీద తొంబై రెండని మీ కాంపౌండరే నోటితోని అన్నడు సారూ. కాయితం మీద ఎనబై ఏడెట్లయింది?”

కాంపౌండరును పిలిచాను. అతను తడబడలేదు. “ఆడోళ్లకు అయిదు తీస్తం సార్. కాళ్ల కడియాలు వెండిపని చేసే ఔసులాయన వస్తెనే ఊడుతయి. ఒక్కొక్కరికి ఏడ తీపియ్యాలె? మొదటి సంది గదే లెక్క.”

“నా కాళ్లకు ఏమున్నయి?” అంది రాజవ్వ. “మొగడు పోయిన పదకొండో నాడే అన్నీ ఒలిచిండ్రు గద.”

వరుసలోని ఒక ముసలామె అందుకుంది. “నీ సైకిల్ను తూచినా కడియాలకని అయిదు తీస్తవా, కాంపౌండర్ సాబ్?” అందరూ నవ్వారు. కాంపౌండరూ నవ్వాడు.

నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. పరాయి దేశపు సూత్రాన్ని నెలల తరబడి తిట్టుకున్నవాణ్ణి, నా గదిలోని కాంటా దగ్గర ఏం జరుగుతోందో ఒక్కనాడూ లేచి చూడలేదు. ఆమె గుండె విన్నాను, నాలుక చూశాను, కాళ్లు చూడలేదు. మళ్లీ నేనే తూచాను. తొంభై రెండు. తొంభై ఉంటే చాలు.

సంతకం కొట్టేస్తే పెద్ద డాక్టరు సంజాయిషీ అడుగుతాడని కాంపౌండరు హెచ్చరించాడు. “మీ అసొంటోళ్ల ఇజ్జత్ ఏంగావాలె సార్?” అన్నాడు. కొట్టేశాను. ‘ఫిట్’ అని రాసి, కారణం కింద పూర్తిగా రాశాను.

రాజవ్వకు పని దొరికింది. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. తప్పు నాదేనని జవాబిచ్చాను. ఆ తరువాత పాత రిజిస్టరు తిరగేశాను. ఆ ఐదు పౌండ్లు తీసినందువల్లే పని పోగొట్టుకున్న ఆడవాళ్లు పదకొండు మంది. వారిలో ఎందరివి బోసికాళ్లో రిజిస్టరు చెప్పదు. తూచనిదాన్ని తీసివేయకూడదని, కాంటా ముల్లును తాను చూడనివాడు దాని కింద సంతకం పెట్టకూడదని అక్కడ నేర్చుకున్నాను. ఆ పదకొండు మందికీ అది పనికిరాలేదు.